చెరువు దాకా

చెరువుకు ఎగువన చేను ఉన్న ఓ రైతు పట్టా కోసం పట్వారీ దగ్గరికి వెళ్లాడు. తెచ్చిన కాగితంలో తూర్పు హద్దు "చెరువు దాకా" అని ఉంది.

పట్వారీ కలం కింద పెట్టేశాడు. "ఏ చెరువు? శ్రావణంలో నిండినదా, వైశాఖంలో ఎండినదా?"

"నిండినదే పంతులుగారూ. నా మనసులో వేరే ఏం లేదు."

"నీ మనసు నాకు తెలుసు, కాగితానికి తెలీదు. ఎండలకు నీళ్లు వెనక్కి పోతే నీ హద్దూ వాటి వెంటే దిగుతుంది. నీళ్లు తీసిన శిఖం నేలలో దోసపాదులు పెట్టుకున్నవాళ్లంతా నీ పొలంలో ఉన్నట్టే. నేనలాగే చదువుతా, పట్టా ఇవ్వను."

"అంత నేల నేనడిగానా?"

"నువ్వడగలేదు, నీ మాట అడిగింది. ఇంకా ముద్ర పడలేదు, దిద్దుకో. పడ్డాక మీ మనవళ్లు కోర్టుకెక్కితే దిద్దడానికి నేనుండను."

రైతు గొణుక్కుంటూనే "చెరువు నిండితే నీరు తాకే చింతచెట్టు దాకా" అని రాయించాడు.

ఇదంతా చూసిన కుర్ర గుమాస్తాకు ఈ విద్య నచ్చింది. మర్నాడు ఇంకో రైతు కాగితం చదివి, "చెరువంటే పక్కూరిదీ కావచ్చుగా! అక్కడి దాకా అడిగినట్టే" అన్నాడు. పట్వారీ పటం తీసి అతని చేతికిచ్చాడు. "ఇందులో చెరువులెన్నో లెక్కపెట్టు." ఒక్కటే ఉంది.

నీతి: మనసులోని హద్దు లెక్కకు రాదు, రాసిన మాటే లెక్క. అమెరికా పేటెంట్ ఆఫీసులో దరఖాస్తులు పరిశీలించే ఎగ్జామినర్, ఆవిష్కరణకు హద్దు గీసే వాక్యమైన క్లెయిమ్‌ను పట్వారీలాగే చదువుతాడు. దరఖాస్తులోని వివరణతో (స్పెసిఫికేషన్‌తో) పొసగే మేరకు, ఆ రంగం తెలిసినవాళ్లు కాదనలేనంత విశాలంగా అర్థం తీస్తాడు. అందులో పాత ఆవిష్కరణ ఒక్కటి తగిలినా క్లెయిమ్ చెల్లదంటాడు. దరఖాస్తుదారుకు కటువుగానే ఉంటుంది, కానీ కలం ఇంకా అతని చేతిలోనే ఉంది కదా. పేటెంట్ వచ్చాక ఉల్లంఘన దావాలో కోర్టు అంత సాగదీయదు. ఆ రంగం వాళ్లు పేటెంటంతా చదివి క్లెయిమ్‌లోని మాటకు ఏ అర్థం చెప్పుకుంటారో అదే చూడాలని 2005లో ఫిలిప్స్ కేసు తీర్పు చెప్పింది.

గుమాస్తా పొరపాటు పేటెంట్ ఆఫీసులోనూ జరిగింది. సూట్‌కో కేసులో నేలకు "ఫినిషింగ్" ఇచ్చే పదార్థం అన్న మాటను, పైన ఇంకో పొర ఉన్నా సరే, నేల మీద పరిచిన ఏ పొరకైనా సరిపోయేలా చదివారు. 2010లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఒప్పుకోలేదు. ఫినిషింగ్ అంటే అన్నిటికన్నా పైన, ఆఖరున ఉండే పొరేనంది.