సమాన హక్కు అనే చిక్కు

తల్లికీ గర్భస్థ శిశువుకూ జీవించే హక్కు సమానమని 1983లో ఐర్లాండ్ రాజ్యాంగ ఎనిమిదో సవరణ ప్రకటించింది. గర్భస్రావం 1861 నాటి బ్రిటిష్ చట్టం కింద అప్పటికే నేరం. కోర్టులు దాన్ని సడలించకుండా అడ్డుకట్ట వేయడమే సవరణ ఉద్దేశం. దాని వెనుక ఉన్నది, గర్భం దాల్చిన క్షణం నుంచే ప్రాణాన్ని కాపాడాలన్న కాథలిక్ చర్చి బోధ. అయితే ఆ చర్చి మహాపండితుడు థామస్ అక్వినాస్ 13వ శతాబ్దంలో, మానవాత్మ పిండంలోకి కొంతకాలం గడిచాకే వస్తుందని భావించాడు. అలాగని గర్భస్రావాన్ని ఆయన సమర్థించలేదు.

సమానత్వం కాగితం మీద సులువే. ఇద్దరిలో ఒక్కరినే కాపాడగలిగితే? గర్భస్రావం చేయాలంటే ఆరోగ్యానికి ముప్పు చాలదు, తల్లి ప్రాణానికే ముప్పుండాలని 1992లో ఐర్లాండ్ సుప్రీంకోర్టు అన్వయించింది. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడో వైద్యులు రోగి మంచం పక్కన నిలబడి తేల్చుకోవాల్సి వచ్చేది, పొరబడితే శిక్ష. 2012లో ఐర్లాండ్‌లోని గాల్వేలో, కర్ణాటక నుంచి వెళ్లిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్‌కు 17వ వారంలో గర్భం నిలవదని తేలింది. పిండం గుండె కొట్టుకుంటోందని గర్భస్రావానికి నిరాకరించారు. సెప్సిస్‌తో ఆమె మరణించింది.

2018 మే 25న రెఫరెండంలో 66.4 శాతం మంది సవరణ రద్దుకు ఓటేశారు. 2019 నుంచి 12 వారాల లోపు గర్భస్రావం చట్టసమ్మతమైంది. రెఫరెండంలో రద్దుకు వ్యతిరేకంగా నిలిచిన నియోజకవర్గం డోనెగల్ ఒక్కటే.