అద్దె బాల్కనీలో తోట

ధ్యాన భాగం: యిర్మీయా 28:1–4, 29:4–14

క్రొత్త సంవత్సరపు ఆరాధనలో వాగ్దాన కార్డులు పంచినప్పుడు యిర్మీయా 29:11 ఎవరి చేతికొస్తే వారి ముఖం వెలిగిపోతుంది. గుంటూరు సంఘంలోనైనా, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కూడుకునే తెలుగు సహవాసంలోనైనా అంతే. దేవుని తలంపులు మన మేలుకేనని, ముందు మంచి రోజులున్నాయని భరోసా ఇచ్చే వచనం కదా, ఏడాదంతా ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. అదే ఉత్తరంలో కాస్త వెనక్కి వెళితే అయిదో వచనం. చెరలో ఉన్నవాళ్ళను ఇళ్ళు కట్టుకొని కాపురం పెట్టమని, తోటలు వేసి వాటి ఫలం తినమని చెప్పేది అది. దాన్ని కార్డు మీద అచ్చు వేసినవాళ్ళను నేనింతవరకు చూడలేదు. వాగ్దానమైతే చేయి చాస్తాం గానీ, పని చెప్పే మాటను ఎవరు లామినేట్ చేయించుకుంటారు?

ఆ ఉత్తరం అందుకున్నది ఎవరో చూడండి. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి యెహోయాకీను రాజునూ, పెద్దలనూ, పనితనం తెలిసిన కంసాలులనూ కమ్మరులనూ బబులోనుకు తరలించాడు. మనల్ని అమెరికాకు ఎవరూ సంకెళ్ళు వేసి తేలేదు. టికెట్ కొనుక్కొని, బయలుదేరే ముందు పాస్టరుగారితో ప్రార్థన చేయించుకొని మరీ వచ్చాం. ఆ తేడాను చిన్నదిగా చూడకూడదు. అయినా పనితనం చూసి తీసుకున్న మనుషులు, తమది కాని నేల, ఎప్పటికి తేలుతుందో తెలియని గడువు అంటే మనకు వేరే వివరించక్కర్లేదు.

అటు యెరూషలేములో హనన్యా అనే ప్రవక్త దేవుని మందిరంలో నిలబడి, రెండేళ్ళు తిరిగేలోపు అంతా చక్కబడుతుందని, చెరపోయినవాళ్ళు వచ్చేస్తారని ప్రకటించాడు. జనం మొగ్గు అతని వైపే ఉండి ఉంటుంది. యిర్మీయా డెబ్బై ఏళ్ళన్నాడు. రెండేళ్ళ మాట నమ్మినవాడు తోట వేయడు. మూట విప్పకుండా కూర్చుంటాడు.

మన ఇళ్ళలో ఆ విప్పని మూటలు చాలా ఉన్నాయి. అపార్ట్‌మెంట్ లీజు పన్నెండు నెలలు. హెచ్-1బి వీసా మొదట మూడేళ్ళు, పొడిగిస్తే ఆరు. ఆ తర్వాత గ్రీన్‌కార్డు వరుస. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదని 1990 నాటి చట్టం గీసిన గీత దగ్గర మనవాళ్ళ వరుస ఏళ్ళ తరబడి నిలబడిపోయింది. గోడకు మేకు కొడితే డిపాజిట్‌లో కోస్తారని పెళ్ళి ఫోటో అట్టపెట్టెలోనే ఉంటుంది. మంచి గిన్నెలు సొంతిల్లు కొన్నాక తీయాలి. ఏ సంఘంలో ఉన్నారని అడిగితే, "ఇంకా ఎక్కడా చేరలేదండీ, ప్రాజెక్టు ఎక్కడికి మారుతుందో" అంటారు. ఇందులో అబద్ధమేమీ లేదు. బబులోనులో ఉన్నవాళ్ళ కారణాలూ నిజమైనవే.

అలాంటి అద్దె ఇంటి బాల్కనీలో తోట వేయాలంటే స్ట్రాబెర్రీ తగిన మొక్క. జానెడు లోతు కుండీ, అడుగున నీరు పోయే రంధ్రాలు, రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ ఉంటే పెరుగుతుంది. ఏప్రిల్‌లో ఇక్కడి నర్సరీల్లో మట్టి లేకుండా, వేళ్ళతోనే కట్టగట్టి అమ్ముతారు. చూడ్డానికి వట్టివేళ్ళ కట్టలా ఉంటుంది. డబ్బు పెట్టి ఇది కొన్నారా అని ఇంటికొచ్చిన అత్తగారు తప్పకుండా అడుగుతారు. వేళ్ళకూ ఆకులకూ నడుమ బొటనవేలంత ముడి ఒకటి ఉంటుంది, క్రౌన్ అంటారు. ప్రాణమంతా అందులోనే. పూర్తిగా పూడ్చితే కుళ్ళిపోతుంది, మరీ పైకి ఉంచితే వేళ్ళు ఎండిపోతాయి. మట్టి అంచు దానికి నడిమికి రావాలి. దీని మీద కూడా ఒక ప్రసంగం చేయొచ్చు గానీ వదిలేద్దాం, ముందు నీళ్ళు పోయాలి.

మొక్క రకం ఎంచుకునేటప్పుడే హనన్యా, యిర్మీయా ఎదురవుతారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తయారుచేసిన ఆల్బియన్ లాంటివి పగలు ఎంత పొడవున్నా పూస్తాయి, నాటిన ఏడాదే కాస్తాయి. వాటికి కూడా మొదటి ఆరు వారాలు పూలు గిల్లేయాలి. కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జువెల్ లాంటి జూన్ కాపు రకాలకైతే మొదటి ఏడాది పూలన్నీ తీసేయాల్సిందే. పండు వచ్చే ఏడాది జూన్‌లోనే. ఆల్బియన్‌ను నేను తప్పుపట్టను, చిన్నపిల్లలున్న ఇంట్లో అదే మేలు. కానీ యిర్మీయా ఉత్తరం చదువుకోవడానికి జువెల్ కుండీ పక్కనే కూర్చోవాలి. పన్నెండు నెలల లీజు మీద సంతకం చేసిన మనిషి, పద్నాలుగు నెలలకు పండే మొక్కను నాటుతున్నాడు.

మే నెలలో పూలొస్తాయి. అయిదు తెల్లని రేకులు, మధ్యలో పసుపుపచ్చని బొడిపె. ఆ బొడిపే పండయ్యేది. దాన్ని కాడతో సహా గోటితో గిల్లాలి. చేయి రాదు. ఎండిన ఆకు తుంచడం వేరు, ఏ తెగులూ లేని నిండు పువ్వును తీసేయడం వేరు. వదిలేస్తే మొక్క తన బలమంతా ఆ నాలుగు పండ్లకే ధారపోసి వేళ్ళు పెంచుకోదు, ముందున్న చలికి నిలవదు. యోహాను సువార్త 15వ అధ్యాయంలో తండ్రి ఫలించే తీగెను కూడా శుభ్రం చేస్తాడని చదువుతూ మనం ఎండుకొమ్మలనే ఊహించుకుంటాం. నిజంగా నొప్పెట్టేది పచ్చగా ఉన్నదాన్ని తీసినప్పుడు. అలాగని హెచ్-1బి లాటరీలో పేరు రాని కుర్రాడి దగ్గరికి వెళ్ళి, ఇది తోటమాలి పనే బాబూ అని చెప్పేయకండి. అన్ని నష్టాలూ ఆయన గోటి గుర్తులు కావు. కొన్ని వట్టి గాలివానలు. ఏది ఏదో ఆ వేసవిలో ఎవరికీ తెలియదు. మన పక్కన కూర్చున్న విశ్వాసికైతే అసలు తెలియదు.

తర్వాతి సంగతి కంటికి కనబడదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పగలు కురచై చలి మొదలవుతుంటే, క్రౌన్ లోపల వచ్చే ఏటి పూమొగ్గలు ఏర్పడతాయి. పైకి కనిపించేవి ఎర్రబారిన ఆకులు మాత్రమే. పొరుగువాళ్ళు గుమ్మాల ముందు గుమ్మడికాయలు పేర్చే ఆ రోజుల్లోనే రాబోయే జూన్ కాపు ఎంతో చాలావరకు తేలిపోతుంది. సరిగ్గా అప్పుడే, దీని పనైపోయిందని నీళ్ళు మానేస్తాం. ఇక చలికాలంలో కుండీ మట్టి అన్ని వైపుల నుంచీ గడ్డకడుతుంది కాబట్టి, మొక్క నిద్రపోయాక గోడవారకు జరిపి గోనెపట్టా చుట్టి, మట్టి బొత్తిగా ఎండకుండా చూసుకోవాలి. జాలిపడి హీటరు పక్కకు తేకూడదు. దానికి కొంత చలి అవసరం.

మనం కొనే ఈ పెద్ద స్ట్రాబెర్రీ పుట్టింది కూడా పరాయి నేల మీదే. ఫ్రాన్స్ సైనిక ఇంజనీరు ఫ్రెజియేను 1712లో వర్తకుడి వేషంలో చిలీ, పెరూ తీరాలకు పంపారు, అక్కడి స్పానిష్ కోటల గుట్టు తెలుసుకురమ్మని. చిలీలోని కన్సెప్సియోన్ దగ్గర స్థానికులు ఎప్పటినుంచో సాగుచేస్తున్న పెద్ద స్ట్రాబెర్రీ అతని కంటబడింది. మొక్కలు వెంట తెచ్చుకున్నాడు. 1714లో మార్సెయ్ రేవులో దిగేసరికి అయిదు బతికున్నాయి. తాగే నీటికే కటకటలాడే ఓడలో మొక్కలకు నీళ్ళు పోయనిచ్చిన అధికారికి వాటిలో రెండు ఇచ్చేశాడు. ఇంత కష్టపడి తెస్తే అవి ఫ్రాన్స్‌లో పూశాయి, కాయలేదు. ఏళ్ళ తరబడి అదే వరస. లోపం మట్టిలో లేదు, ఎరువులో లేదు. అతను తెచ్చినవన్నీ ఆడ మొక్కలు, పుప్పొడి ఇచ్చే తోడు చిలీలోనే ఉండిపోయింది. బ్రిటనీ తోటల్లో వాటి పక్కన ఉత్తర అమెరికా నుంచి అంతకుముందే వచ్చిన వర్జీనియా స్ట్రాబెర్రీని నాటినప్పుడు కాపు పట్టింది. ఆ రెండింటి సంతానమే ఈనాటి తోట స్ట్రాబెర్రీ అని ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు దుషేన్ 1766లో గుర్తించి రాశాడు.

నాకు ఈ కథలో ఆగిపోవాలనిపించేది ఆ కాయని ఏళ్ళ దగ్గర. పూస్తూ కాయని విశ్వాసి కనబడితే, ప్రార్థన తగ్గిందేమో, వాక్యం చదవడం లేదేమో అని మనం వెంటనే మందు రాసిస్తాం. ఆ మొక్కకు ఏమీ తగ్గలేదు. పక్కన ఎవరూ లేరు, అంతే. భర్త ఉద్యోగం మీద వచ్చి, వీసా పని చేయనివ్వక, రోజంతా నాలుగు గోడల మధ్య ఉండే చెల్లెళ్ళు మన అపార్ట్‌మెంట్లలో ఎందరో. ఊళ్ళో ఉదయకాల ప్రార్థన మొదలయ్యే వేళకు ఇక్కడ రాత్రి ఫోను ముందు కూర్చొని ఆమేన్ చెబుతారు. మంచిదే. కానీ జ్వరం వస్తే ఒక గ్లాసు నీళ్ళిచ్చే మనిషి ఆ ఫోనులోంచి రాలేదు. ఇంకొకటి గమనించండి, ఆ చిలీ మొక్కకు తోడు చిలీ నుంచి రాలేదు. ఎక్కడిదో వేరే మొక్క, అదీ వలస వచ్చిందే. మన తోడు తెలుగువారే అయి తీరాలని దేవుడేమీ మాటివ్వలేదు. ఎదురింటి గయానా పెద్దావిడ కావచ్చు, కింది అంతస్తు కొరియా కుటుంబం కావచ్చు. ఆ ఉత్తరంలో ఏడో వచనం మనం ఉంటున్న పట్టణం క్షేమాన్నే వెతకమంటుంది, దాని కోసం ప్రార్థించమంటుంది. పట్టణం క్షేమమంటే ముందు మెట్ల దగ్గర ఎదురయ్యే మనిషి క్షేమం.

పై అంతస్తులకు తేనెటీగలు రాకపోతే పిల్లల రంగుల కుంచె ఒకటి తీసుకొని, విచ్చిన పువ్వు మధ్య మెల్లగా గుండ్రంగా తిప్పాలి. పండు మీద గింజలని మనం అనుకునే చుక్కల్లో ప్రతిదీ ఒక్కో చిన్న ఫలం. పుప్పొడి అందిన చుక్క చుట్టూనే కండ ఊరుతుంది. అందని చోట పండు నొక్కుకుపోయి వంకరగా తయారవుతుంది. ఒక్కో పువ్వు దగ్గర పట్టుమని పది క్షణాలు కూడా పట్టని పని.

యిర్మీయా మాట విని నాటినవాళ్ళు ఉన్నారా అంటే, ఇరాక్ నేల నుంచి బయటపడ్డ మట్టి పలకలు చూడాలి. వాటిలో యూదా పట్టణమని పేరున్న ఒక బబులోను పల్లె కనబడుతుంది. అన్నిటికన్నా పాత పలక క్రీ.పూ. 572 నాటిది. ఖర్జూరాల లెక్కలు, బార్లీ బాకీలు, యెహోవా నామం కలిసిన సాక్షుల పేర్లు. వాళ్ళు దున్నింది రాజుగారి నేల, చెల్లించింది కౌలు. సొంత పట్టా చేతికొచ్చాక నాటుదామని ఆగి ఉంటే ఆ పలకల మీద రాయడానికి ఏమీ ఉండేది కాదు.

జూన్ రాకముందే బదిలీ రావచ్చు. అలాంటప్పుడు కుండీని కారు వెనక సీట్లో ఇరికించుకొని టెక్సస్ దాకా తీసుకెళ్ళే బదులు, పక్కవారి తలుపు తట్టి ఇచ్చేసి వెళ్ళండి. మొదటి పండు ఎలాగూ ఉడతదే. ఇక్కడి ఉడతలకు ఉడతాభక్తి కూడా లేదు.

ప్రార్థన: తండ్రీ, రెండేళ్ళని చెప్పేవారి మాట మాకు తీపిగా ఉంటుంది. నీవు చెప్పిన డెబ్బై వినే ధైర్యం ఇవ్వు. ఈ వారం అట్టపెట్టెలో ఉన్న ఫోటోను గోడకు పెట్టుకుంటాం. పన్నెండేళ్ళుగా వరుసలో నిలబడి అలసిపోయిన మా అన్నలను, అక్కలను జ్ఞాపకం చేసుకో. పక్క తలుపు వెనక ఉన్న మనిషి పేరు మాకింకా తెలియదు, దాన్ని అడగడానికి మా బిడియం తీసివేయి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.