గురువు దారి తప్పితే, ఆయన నేర్పిన పాఠం ఏమవుతుంది?



ఈ వారం వీడియోలో గురుభక్తి గురించి మాట్లాడుతూ ఒక ప్రశ్నను తేలిగ్గా దాటేశాను. ఎడిటింగ్‌లో చూసుకుంటే నాకే నచ్చలేదు. గురువు దైవంతో సమానం అన్నాను, బాగానే ఉంది. మరి ఆ గురువే తప్పు చేస్తే? ఆయన దగ్గర నేర్చుకున్నది ఉంచుకోవాలా, వదిలేయాలా?

ఇది నాకు పుస్తకాల్లో ఎదురైన ప్రశ్న కాదు. చిన్నప్పుడు మా కాలనీలో ఒక మాస్టారు సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టి విష్ణు సహస్రనామం నేర్పేవారు. ఒత్తులు, దీర్ఘాలు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, అన్నీ ఆయన పెట్టిన భిక్షే. నేను డిగ్రీలో ఉండగా అసలు సంగతి బయటపడింది. మండపం కడతామని ఇంటింటికీ తిరిగి వసూలు చేసిన డబ్బు ఆయన సొంతానికి వాడేసుకున్నారు. మా పక్కింటి పిన్నిగారు కూతురి పెళ్లికని దాచుకున్నది కూడా అందులోనే పోయింది. ఆ తర్వాత చాలా నెలలు నేను సహస్రనామం చదవలేకపోయాను. నోరు తెరిస్తే ఆయన గొంతే వినిపించేది.

ఈ విషయంలో నాకు దారి చూపించిన కథ యూదులది. వాళ్లు తమ ధర్మశాస్త్ర పండితుల్ని రబ్బీ అంటారు. వాళ్ల పవిత్ర గ్రంథం తోరా. దాని మీద తరతరాల రబ్బీలు చేసిన వాదోపవాదాలన్నీ కూర్చిన మహాసంకలనం తల్ముడ్. అందులో ఒక గురువు, ఒక శిష్యుడి కథ ఉంది.

గురువు పేరు ఎలీషా బెన్ అబూయా, అంటే అబూయా కొడుకు ఎలీషా. క్రీ.శ. మొదటి శతాబ్దం చివర, రెండో శతాబ్దం మొదట్లో యూదయ ప్రాంతంలో ఉన్న గొప్ప పండితుడు. 70లో రోమన్లు జెరూసలేం దేవాలయాన్ని కూల్చేశారు. 132 నుంచి 135 వరకు యూదులు తిరగబడితే ఆ తిరుగుబాటును రక్తపుటేరుల్లో ముంచేశారు. అలాంటి కాలంలో ఎలీషా విశ్వాసం పోగొట్టుకున్నాడు.

ఎందుకు అనేదానికి తల్ముడ్‌లో ఒకటికి మించి కథలున్నాయి. నన్ను కదిలించింది ఇది. ఒక పిల్లవాడిని తండ్రి ఎత్తైన కట్టడం ఎక్కి గూట్లోని పక్షిపిల్లల్ని తెమ్మన్నాడు. వాడు ఎక్కి, శాస్త్రం చెప్పినట్టే తల్లిపక్షిని ముందు ఎగరనిచ్చి పిల్లల్ని తీసుకున్నాడు. తల్లిదండ్రుల మాట వినేవాడికీ, తల్లిపక్షిని వదిలిపెట్టేవాడికీ తోరాలో దీర్ఘాయుష్షు అని మాట ఇచ్చారు. ఆ రెండూ ఒకేసారి చేసిన ఆ పిల్లవాడు దిగుతూ జారిపడి చచ్చిపోయాడు. ఎలీషా అది చూశాడట. ఇక అతనికి తోరా ఇచ్చిన మాట మీద నమ్మకం నిలవలేదు.

ఇంతవరకూ అయితే మనకు అతని మీద జాలే కలుగుతుంది. కానీ జెరూసలేం తల్ముడ్ అతని మీద ఇంకా బరువైన నిందలు మోపుతుంది. చదువుకునే పిల్లల దగ్గరికి వెళ్లి ఈ చదువు మానేసి ఏదో ఒక చేతిపని నేర్చుకోమన్నాడని, రోమన్ల పక్షం చేరి సొంత వాళ్లను పట్టించాడని. పండితులు అతన్ని పేరు పెట్టి పిలవడం మానేశారు. 'అహేర్' అన్నారు. హీబ్రూలో ఆ మాటకు ఇంకొకడు, వేరేవాడు అని అర్థం.

అందరూ వదిలేసినా ఒక్క శిష్యుడు వదల్లేదు. ఆయన రబ్బీ మెయిర్. తోరా ప్రతులు రాసే లేఖకుడు, రబ్బీ అకీవా దగ్గర కూడా చదువుకున్నవాడు. ఆ తరంలో ఆయనంతటి బుద్ధిశాలి లేడంటారు.

ఒక షబ్బాత్ రోజు. యూదులకు అది వారంలో విశ్రాంతి దినం, ఆ రోజు గుర్రమెక్కడం నిషిద్ధం. ఎలీషా గుర్రమెక్కి పోతున్నాడు. మెయిర్ వెనక నడుస్తూ పాఠం వింటున్నాడు. ఆ రోజు ఊరి పొలిమేర దాటి రెండువేల మూరలకు మించి నడవకూడదని కూడా వాళ్ల నియమం. ఒకచోట ఎలీషా ఆగి, నా గుర్రం అడుగులతో లెక్కపెడుతూనే ఉన్నాను, నీ హద్దు ఇదే, వెనక్కి వెళ్లు అన్నాడు. నియమం తప్పినవాడు శిష్యుడి నియమాన్ని లెక్కపెడుతూ వచ్చాడు! మీరూ వెనక్కి రండి అని మెయిర్ బతిమాలాడు. ఆయన రాలేదు.

మొదటిసారి చదివినప్పుడు నా కళ్లన్నీ గురువు మీదే ఉన్నాయి. తర్వాత మెల్లగా శిష్యుడు కనిపించాడు. మెయిర్ వెంట నడిచాడు కానీ గుర్రం ఎక్కలేదు. గురువు ఎక్కాడు కాబట్టి అది తప్పు కాదని వాదించలేదు. హద్దు రాగానే ఆగాడు. తిరిగి రమ్మని ముఖం మీదే అడిగాడు. మనం సాధారణంగా రెండే చేస్తాం. అయితే గురువు తప్పును కప్పిపుచ్చుతాం, లేదంటే ఆయన చెప్పినదంతా చెత్తబుట్టలో పడేస్తాం. మెయిర్ ఈ రెండూ చేయలేదు.

అలాంటివాడి దగ్గర ఎలా చదువుకున్నాడు అని తల్ముడ్ పండితులే నిలదీశారు. దానికి వచ్చిన ఒక జవాబు యూదుల్లో నేటికీ ప్రసిద్ధం: మెయిర్‌కు దానిమ్మపండు దొరికింది, గింజలు తిన్నాడు, తొక్క పారేశాడు. మన తైత్తిరీయోపనిషత్తులో కూడా చదువు ముగించుకుని ఇంటికి వెళ్లే శిష్యుడికి ఆచార్యుడు, మాలో మంచి నడవడి ఏదో అదే పాటించు, తక్కినది వద్దు అని తానే చెప్తాడు. గురువులో వదిలేయాల్సింది ఉండొచ్చని ఒప్పుకుంటే గురుభక్తికి లోటేమీ రాదన్నమాట.

కానీ ఇక్కడే ఒక జాగ్రత్త ఉంది. గురువు దేవదూతలా ఉంటేనే ఆయన దగ్గర తోరా నేర్చుకోవాలి, లేకపోతే వద్దు అని రబ్బీ యోహనాన్ మాట కూడా తల్ముడ్‌లోనే ఉంది. మరి మెయిర్ సంగతి? ఆయన ఎదిగినవాడు, ఆయనకు చెల్లింది, ఇంకా ఎదగనివాళ్లకు చెల్లదు అని సమాధానం చెప్పుకున్నారు. నాకిది చాలా అవసరమైన మాట అనిపిస్తుంది. తొక్కేదో గింజేదో తెలియని పిల్లల్ని తప్పు చేసిన గురువు ముందు కూర్చోబెట్టి, మంచి మాత్రమే తీసుకోండి నాన్నా అంటే అది మన బాధ్యత వదిలించుకోవడమే. ఆయన మాట విలువైనది కావచ్చు. అంతమాత్రాన ఆయన చేతికి మళ్లీ పిల్లల్నీ చందా డబ్బాలనూ అప్పగించనక్కర్లేదు.

ఇంకొక్క సంఘటన. ఎలీషా పోయాక ఆయన కూతురు తిండికి లేక రబ్బీ యెహూదా హనాసీ దగ్గరికి వచ్చింది. క్రీ.శ. 200 ప్రాంతంలో మిష్నా అనే ధర్మశాస్త్రాన్ని కూర్చిన మహానుభావుడాయన. ఆమె ఎవరి బిడ్డో తెలియగానే, అతని సంతానం ఇంకా భూమ్మీద ఉందా అన్నాడట. మా నాన్న చదువును తలుచుకోండి, చేసిన పనులను కాదు అని ఆమె వేడుకుంది. ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. మిష్నాలోని నీతివాక్యాల భాగంలో, చిన్ననాటి చదువును కొత్త కాగితం మీద రాతతో పోల్చిన ఒక మాట ఉంది. అది ఎలీషా పేరుమీదే ఉంది. అహేర్ అని కాదు, సొంత పేరుతోనే. మాట ఎవరిదో ఆ పేరు చెరపలేదు, ఆయన ఏం చేశాడో ఆ కథలూ దాచలేదు.

నేను మళ్లీ సహస్రనామం మొదలుపెట్టే ముందు పిన్నిగారి దగ్గరికి వెళ్లాను. చదవనా వద్దా అని నేనడగక ముందే ఆవిడకు అర్థమైనట్టుంది. "నువ్వు చదువుకో నాయనా, నామాలేం చేశాయి? నేను మాత్రం ఆ బాణీలో వినలేను" అన్నారు.

దానిమ్మ గింజలు తినే హక్కు నాకుండొచ్చు. తొక్క చేదంతా మింగినవాళ్లను కూడా తినమనే హక్కు నాకు లేదు. అందుకే ఇప్పుడు రోజూ పొద్దున్నే చదువుకుంటాను, ఎవరు నేర్పారని అడిగితే మాస్టారి పేరు చెప్తాను, ఆయన ఏం చేశారో కూడా చెప్తాను. పిన్నిగారి ఇంటివైపు కిటికీ మాత్రం ఆ కాసేపు మూసి ఉంచుతాను.

మీరు ఏది ఉంచుకున్నారో, ఏది వదిలేశారో ఒకసారి ఆలోచించండి. వచ్చే వారం కలుద్దాం. శుభం.