గతమునకు స్వస్థత కలదా?

జరిగిన కార్యమును జరుగనిదానినిగా చేయుట దేవతలకు సైతము శక్యము కాదని అగాథోన్ అను ప్రాచీన గ్రీకు నాటకకర్త పలికిన మాటను అరిస్టాటిల్ తన నీతిశాస్త్రమున ఆమోదపూర్వకముగా ఉదాహరించినాడు. పదమూడవ శతాబ్దమున థామస్ అక్వినాస్, దైవము యొక్క సర్వశక్తిమత్త్వమును గూర్చి విచారించుచు, ఈ యొక్క విషయమున ఆ గ్రీకుల నిర్ణయమునే అంగీకరించెను. జరిగినది జరుగలేదనుట స్వవచోవ్యాఘాతము కనుక అట్టిది శక్తికి విషయమే కాదని ఆయన వాదము. చేసుకున్నవారికి చేసుకున్నంత యని మన తెలుగు నానుడియు ఏనాడో తేల్చియున్నది. ఇట్లు తర్కమును లోకానుభవమును ఏకకంఠమున తీర్పు చెప్పిన పిమ్మట, విశ్వాసము చేత నా గతము స్వస్థపడినదని సాక్ష్యము చెప్పు క్రైస్తవుని మాటకు అర్థమేమి? అది కేవలము మనస్సును మభ్యపెట్టుకొనుటయా, లేక తర్కమునకు అందని ఏదేని వాస్తవము అందు కలదా?

ఈ ప్రశ్నకు సమాధానము సువార్తలలోని ఇద్దరు శిష్యుల చరిత్రలను ప్రక్క ప్రక్కన నిలిపి చూచిన కొంత తేటపడును. ఒకే రాత్రి, ఒకే గురువునకు, ఇరువురు ద్రోహము చేసిరి. యూదా ముప్పది వెండి నాణెములకు ఆయనను అప్పగించెను. పేతురు ప్రధానయాజకుని ముంగిట చలి కాచుకొనుచు, ఆయన ఎవరో తానెరుగనని ముమ్మారు బొంకెను. ఇరువురును తమ దోషమును గుర్తించిరి. బాహ్యక్రియలను మాత్రమే లెక్కించినచో యూదా పశ్చాత్తాపమే సంపూర్ణతరముగా కనబడును: నిరపరాధిని అప్పగించితినని అతడు నోరు తెరచి ఒప్పుకొనెను, పుచ్చుకొన్న సొమ్మును తిరిగి ఇచ్చివేసెను. పేతురు చేసినది వెలుపలికి పోయి వెక్కి వెక్కి యేడ్చుట మాత్రమే. అయినను ఒకడు ఉరి పోసికొనెను, రెండవవాడు సంఘమునకు కాపరి యయ్యెను.

భేదమెక్కడ నున్నది? యూదా తన దోషమును ఎవరి యెదుట నుంచెనో చూడుడు. తన చేత ఆ పని చేయించినవారి యెదుటనే ఉంచెను. వారు ఆ గొడవ తమకు పట్టదని, అతని సంగతి అతడే చూచుకొనవలెనని పంపివేసిరి. ఆ క్షణమున అతనికి తాను తప్ప న్యాయాధిపతి లేకపోయెను, తాను తప్ప శ్రోతయు లేకపోయెను. అతని అంతరంగమున కడపట ఏమి జరిగెనో దేవునికే ఎరుక. ఆ తీర్పు మనది కాదు. కాని వినువాడు లేని ఆత్మవిచారణ ఎంత నిష్కపటమైనను అది ఉరిత్రాటి వరకు పోగలదని ఆ కథ మనకు నిస్సంకోచముగా చెప్పుచున్నది.

పేతురు విషయమున జరిగినది వేరు. యోహాను సువార్తలో బొగ్గుల మంట రెండు చోట్ల మాత్రమే కానవచ్చును: పేతురు బొంకిన ముంగిట ఒకసారి, పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రతీరమున శిష్యులకు చేపలు కాల్చియుంచిన ఉదయమున మరియొకసారి. ముమ్మారు బొంకిన నోటిని ముమ్మారు ప్రేమను గూర్చి ప్రశ్నించుట జరిగెను. మూడవ ప్రశ్నకు పేతురు నొచ్చుకొనెనని సువార్తికుడు దాచక వ్రాసెను. గతమును మరపించుట ప్రభువు ఉద్దేశమైనచో ఆ మంటయు ఆ సంఖ్యయు అక్కరలేదు. నొప్పి పుట్టిన తావునకే శిష్యుని తిరిగి తోడ్కొనిపోయి, అచ్చటనే అతనికి గొఱ్ఱెలను మేపు బాధ్యతను అప్పగించుట ఆ సంభాషణ యొక్క ఫలము. ఆనాటి బొంకు బొంకుగానే మిగిలినది. ఆ బొంకే పేతురు యొక్క కడపటి పేరు కాకుండ పోయినది.

అయితే ఆత్మపరీక్షయే ఒక వ్యాధిగా పరిణమించుట కలదని విశ్వాసులు మరువరాదు. విజయవాడలోని ఆంధ్ర లొయోల కళాశాల వలన లొయోలా పేరు మన ప్రాంతమున చిరపరిచితమే గాని, ఇగ్నేషియస్ లొయోలా అనుభవించిన ఈ వ్యాధిని గూర్చి తెలిసినవారు తక్కువ. 1521 మే 20వ తేదీన పాంప్లోనా కోట ముట్టడిలో ఫిరంగి గుండు కాలిని విరుగగొట్టగా, మంచము పట్టి క్రీస్తు చరిత్రయు పునీతుల చరిత్రలును చదివి మనస్సు మార్చుకొన్న ఆ స్పెయిను యోధుడు, మరుసటి యేడు మోన్సెరాత్ మఠమునకు పోయి, తన జీవితమున చేసిన పాపములన్నిటిని వ్రాసికొని మూడు దినములపాటు పాపసంకీర్తనము (గురువు నెదుట పాపములను ఒప్పుకొనుట) చేసెను. అంతటితో శాంతి లభింపవలసినది. కాని సమీపమున నున్న మాన్రేసా పట్టణమున నివసించిన కాలమున, ఏదో యొకటి చెప్పక విడిచితినేమో, చెప్పినదానినైనను సరిగా చెప్పలేదేమో అను శంకలు అతనిని పగలు రాత్రులు దహించెను. మరల మరల సంకీర్తనము చేసినను శంక తీరలేదు. మిక్కిలి స్పష్టమైనది తప్ప గతమును మరల చెప్పవలదని సంకీర్తనము వినిన గురువు ఆజ్ఞాపించగా, ఆ బాధితునికి ప్రతి పాపమును మిక్కిలి స్పష్టముగనే తోచెను! ప్రాణత్యాగము చేసికొనవలెనను ప్రేరణ సైతము తనను వెన్నాడెనని వార్ధక్యమున ఆయనయే చెప్పి వ్రాయించినాడు.

ఆ దశనుండి ఆయన ఎట్లు బయటపడెను? ఈ శంకలు తన్ను ఎచ్చటికి ఈడ్చుకొనిపోవుచున్నవో గమనించి, దేవుని సేవనే విసర్జించునంతటి విరక్తి వాని ఫలమని గుర్తించి, ఇట్టి ఫలమిచ్చు వృక్షము దేవుడు నాటినది కాజాలదని నిశ్చయించి, గతపాపములను ఇక నెన్నడును సంకీర్తనము చేయనని ఆయన తీర్మానించుకొనెను. నాటినుండి ఆ బాధ తొలగెను. ఇందు గమనింపదగిన సూక్ష్మమేమనగా, అధికమైన ఆత్మపరీక్ష చేత కాక, ఆత్మపరీక్షకు ఒక ముగింపు నిర్ణయించుకొనుట చేత ఆయన స్వస్థుడయ్యెను. గాయమును మాటిమాటికి గిల్లి మానినదో లేదో చూచుకొనువానికి అది మానునా? క్షమింపబడినదానిని మరల మరల త్రవ్వుట వినయము వలె కనబడు అవిశ్వాసమే. క్షమించినవాని మాటను తన జ్ఞాపకము కంటె తక్కువగా ఎంచుటయే.

ఈ అనుభవము చేత పండిన ఇగ్నేషియస్ తన ‘ఆధ్యాత్మిక సాధనలు’ అను గ్రంథమున — దానిని 1548లో మూడవ పౌలు పోపు ఆమోదించెను — దినచర్యగా చేయదగిన ఆత్మపరీక్షకు అయిదు అంగములను ఏర్పరచినాడు. పొందిన మేలులకై కృతజ్ఞతాస్తుతి మొదటిది; పాపమును తెలిసికొను అనుగ్రహమును వేడుకొనుట రెండవది; గంట గంటకు తలంపును మాటను క్రియను విచారించుట మూడవది; క్షమాభిక్ష నాలుగవది; దిద్దుబాటుకు తీర్మానము అయిదవది. విచారణకు ముందు స్తోత్రమును నిలిపిన ఈ క్రమము ఉపచారమునకై ఏర్పడినది కాదు. తాను ప్రేమింపబడుచున్నానని ఎరిగినవాడు మాత్రమే తన దోషమును తొట్రుపడక చూడగలడు. ఆ యెరుక లేనివాడు తన్ను తాను సమర్థించుకొనును, కాదేని తన్ను తాను చంపుకొనును. విచారణకు దీపము పట్టుకొన్నవాడు మిత్రుడని తెలియవలెను. అటు పిమ్మటనే మూలమూలలును వెదకుటకు ధైర్యము కలుగును.

ఇక స్మృతిని గూర్చి విచారింతము. ఈ మార్గమున అందరికంటె లోతుగా పోయినవాడు ఉత్తర ఆఫ్రికాలో 354లో జన్మించిన అగస్టీన్. దాదాపు ముప్పది రెండేండ్ల వయస్సు వరకు విద్యాగర్వమునందును ఇంద్రియభోగములందును తిరుగుడు పడి, 386లో మిలాను నగరపు తోటలో మనస్సు త్రిప్పుకొని, మరుసటి యేడు ఈస్టరునాడు అంబ్రోసు చేత బాప్తిస్మము పొంది, అటుపై హిప్పో నగరమునకు బిషప్పైన ఆయన, సుమారు 397 మొదలుకొని ‘ఒప్పుకోలు’ అను పదుమూడు భాగముల గ్రంథమును రచించెను. ఆ గ్రంథమంతయు దేవుని సంబోధించి చెప్పిన మాటలే. చదువరులమైన మనము ప్రక్కన నిలిచి వినువారము మాత్రమే. స్వీయచరిత్రను ప్రార్థనగా చెప్పుటలోనే ఆయన యొక్క వైద్యరహస్యమున్నది. తన కథను తనకే చెప్పుకొనువాడు దానిని అలంకరించును, లోకమునకు చెప్పువాడు కుదించును, సర్వమెరిగినవానికి చెప్పువానికి ఆ రెండింటికిని అవకాశముండదు.

పదియవ భాగమున ఆయన స్మృతి యొక్క స్వభావమును పరిశీలించుచు ఒక విచిత్రమును గమనించినాడు: గడచిన దుఃఖమును దుఃఖము లేకయే జ్ఞప్తికి తెచ్చుకొనగలము, గడచిన భయమును భయపడకయే తలపోయగలము. సంభవము స్మృతియందు నిలుచును. దాని కాటు మాత్రము నిలువనక్కరలేదు. ఇదియే మన తొలి ప్రశ్నకు తాళపుచెవి. అరిస్టాటిలును అక్వినాసును చెప్పినట్లు సంభవము మారదు. కాని ఆ సంభవము ఏ జీవితమున ఒక భాగమో ఆ జీవితమింకను ముగియలేదు కనుక, మొత్తమున దానికి గల స్థానము నేటికిని నిర్ణయము కాలేదు. జర్మను తత్త్వవేత్త మాక్స్ షేలర్ పశ్చాత్తాపమును గూర్చి వ్రాసిన వ్యాసమున ఈ విషయమునే ప్రతిపాదించినాడు: పశ్చాత్తాపము గతక్రియను తుడిచివేయదు, దాని అర్థమును మార్చి, అది భావికాలమును కనుటకు గల శక్తిని తెగగొట్టును. పాపమునకు శిక్షలలో మొదటిది మరల పాపమే కనుక, ఆ గొలుసు తెగుట సామాన్యమైన స్వస్థత కాదు.

అట్లని అగస్టీను గ్రంథమును పూజించి ఊరకుండరాదు. ఆయనతో అనేక సంవత్సరములు కాపురము చేసి, కుమారుని కని యిచ్చి, ఆయనకు తగిన కులీన కన్యతో వివాహము నిశ్చయము కాగానే మిలాను నుండి ఆఫ్రికాకు సాగనంపబడిన స్త్రీ యొకతె ఆ గ్రంథమున కలదు. ఆమె వియోగము చేత తన హృదయము చీలి రక్తము కారెనని ఆయన వ్రాసినాడు. ఆమె పేరు మాత్రము వ్రాయలేదు. ఆమె గాయము ఏమయ్యెనో మనకు తెలియదు. ఒకని స్వస్థతాచరిత్ర మరియొకతె మౌనము మీద నిలిచియుండుట మనలను కలవరపెట్టవలెను. దేవునితో సమాధానపడినవాడు తాను నొప్పించిన మనిషితో సమాధానపడుటను దాటవేయవచ్చునా? సువార్తలోని సుంకరి జక్కయ్య అట్లు దాటవేయలేదు. ప్రభువు తన యింట అడుగుపెట్టిన దినముననే ఆస్తిలో సగము బీదలకు ఇచ్చెదననియు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరలించెదననియు ఆయన నిలువబడి చెప్పెను.

ఇచ్చట మరియొక వివేకము అవసరము. గతమున బాధించునదంతయు పాపము కాదు. పరులు మన యెడల చేసిన అపచారమును గాయముగా మిగిలియుండును. ఈ రెంటిని కలగాపులగము చేసి, దెబ్బ తిన్నవాని చేత క్షమాపణ చెప్పించు బోధకులు లేకపోలేదు. పదునేడేండ్ల ప్రాయమున అన్నల చేత ఇరువది తులముల వెండికి అమ్ముడుపోయిన యోసేపు చరిత్ర వారికి చాలిన ప్రత్యుత్తరము. అధికారము చేజిక్కిన తరువాత అన్నలు ధాన్యమునకై వచ్చినప్పుడు అతడు వెంటనే కౌగిలించుకొనలేదు. వారిని పరీక్షించెను, మరుగునకు పోయి యేడ్చెను, తిరిగి వచ్చి ముఖము కడుగుకొని నిలిచెను. తండ్రి మరణానంతరము వారు భయపడి కాళ్లపై బడినప్పుడు, వారు తలపెట్టినది కీడేయని స్పష్టముగా చెప్పి, దేవుడు దానిని మేలునకు త్రిప్పెనని అటుపై చెప్పెను. కీడును కీడని పలుకుటకు సాహసింపని క్షమ క్షమ కాదు. దీర్ఘకాలము పట్టిన క్షమను అల్పవిశ్వాసమని నిందించుటయు ధర్మము కాదు. మనస్సు చితికినవానికి ప్రార్థనతోపాటు వైద్యుడును కావలసివచ్చినచో, ఆ వైద్యమునందు విశ్వాసమునకు లోటేమియు లేదు.

మన తెలుగు సంఘములలో సంస్కారపు బల్లను సమీపించుటకు ముందు ప్రతి విశ్వాసియు తన్ను తాను పరీక్షించుకొనవలెనని కాపరులు హెచ్చరించుట పరిపాటి. ఆ హెచ్చరికకు ఆధారమైన పౌలు లేఖను పూర్వాపరములతో చదివినచో, అది ఏ సందర్భమున పుట్టెనో తెలియును. కొరింథు సంఘమున కలవారు ముందుగా భుజించి మత్తిల్లుచుండగా, లేనివారు అదే కూటమున ఆకలితో కూర్చుండి సిగ్గుపడుచుండిరి. అందులకు ఆగ్రహించి ఆ అపొస్తలుడు ఆత్మపరీక్షను విధించినాడు. ఒంటరి గదిలోని తలంపులు మాత్రమే ఆ పరీక్షకు విషయము కావు. ప్రక్కన కూర్చున్న సహోదరుని యెడల మన నడవడియు దానికి విషయమే. ఒకే పాత్రలో పాలుపొంది, గుడి దాటగానే కులము చొప్పున విడిపోవు సంఘము, పరీక్షించుకొంటిమని చెప్పుకొన్నను పరీక్షించుకొననట్లే.

కావున చదువరులకు నా విన్నపమిది. ఆత్మపరీక్షకు కూర్చున్నప్పుడు మొట్టమొదట పొందిన మేలును తలచి స్తుతింపుడు. దోషమును దాని పేరున పిలువుడు. గాయమును దోషమని పిలువకుడు. మీ వలన నష్టపోయినవాడు బ్రతికియున్నచో, బల్ల యొద్దకు పోవుటకు ముందు అతని యింటికి పోయి, మరలింపదగినదానిని మరలింపుడు. పిమ్మట క్షమించినవాని మాట నమ్మి ఆ లెక్కను మూసివేయుడు, మరల తెరవకుడు. జరిగినది జరుగకపోదు, నిజమే. కాని జరిగినదానికి దాసులమై బ్రతుకవలెనని ఏ శాస్త్రమును మనలను శాసింపలేదు.