గడియారమునకు బంగారుపూత

చెడిన వస్తువును బాగుచేయుట మంచిపని యని అందఱును ఒప్పుకొందురు. కాని బాగుచేయుట యనగా నేమి? పోయిన నడకను తిరిగి తెచ్చుటయా, పోయిన మెఱుగును తిరిగి పెట్టుటయా? పైకి చూడ రెండును ఒక్కటిగనే తోచును. విచారించినచో వాని నడుమ ధర్మసూక్ష్మ మొకటి కానవచ్చును.

హైదరాబాదు పాతనగరమున మూసీ దక్షిణతీరమందలి సాలార్‌జంగ్ మ్యూజియమునకు పోయినవారికి ఈ ప్రశ్న సులభముగా బోధపడును. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరణలతో 1951లో దివాన్ దేవిడీయందు ప్రారంభమై, 1968లో నేటి భవనమునకు తరలిన ఆ మ్యూజియమున ఫ్రాన్సు, ఇంగ్లండు, స్విట్జర్లాండు మున్నగు దేశముల గడియారములు గలవు. కుక్ అండ్ కెల్వీ వారి సంగీత గడియారము ఎదుట ప్రతిగంటకును జనులు గుమిగూడుదురు. గడ్డపుబొమ్మ యొకటి వెలుపలికి వచ్చి గంట కొట్టును. కమ్మరిబొమ్మ క్షణక్షణమును సుత్తి వేయుచుండును. పిల్లలు వేచియుండునది ఆ కదలిక కొఱకే గాని, చట్రపు మెఱుగు కొఱకు గాదు.

ఫ్రెంచివారు చలిమంటగూటి పైఅరుగుమీద నుంచుటకై కంచుతో చట్రము పోతపోసి బంగారుపూత పెట్టిన గడియారములను చేసిరి. అట్టిది చెడి పనివాని యొద్దకు వచ్చినచో అతడు మొదట యంత్రమును విప్పును. నూనె యెండి, ధూళితో కలసి జిగురై యుండును. ఇరుసులు తిరుగు రంధ్రములు అరిగి కోలగా సాగియుండును. వానిని శుభ్రపఱచి, అరిగినచోట ఇత్తడి బుష్ వేసి, తెగిన స్ప్రింగును మార్చును. లోలకపు చప్పుడు రెండువైపులను సమముగా వినబడువఱకు సరిచేయును. చప్పుడు సమము కానిచో ఎంత మెఱసిన గడియారమైనను కొంతసేపటికి నిలిచిపోవును. ఈ పని యంతయు చట్రము లోపలనే యుండుటచే దీనిని ఎవరును చూడరు.

చూచువారికి కావలసినది మెఱుగు. కాని బంగారము త్రుప్పు పట్టదు. పలుమారు నల్లబడినట్లు కనబడునది పైనున్న పొగయు మురికియు మాత్రమే. దానిని మెల్లగా తొలగించిన చాలును. ఇత్తడి పాలిష్‌తో రుద్దినచో మిగిలియున్న పూతయు పోవును. బంగారురంగు పెయింటు పూసినచో శిల్పి ఉలిగీతలు పూడిపోయి, కొన్నాళ్లకు రంగు మాసిపోవును. ఇట్లు మెఱుగునకై తొందరపడుట తఱచు ఉన్నదానిని పోగొట్టుకొనుటయే యగును.

ఆ పాత మెఱుగునకు చెల్లిన మూల్యమును కూడ తెలిసికొనవలయును. ఆ కాలమున బంగారమును పాదరసముతో ముద్దచేసి, కంచుపై పూసి, నిప్పుపై కాచెడివారు. పాదరసము ఆవిరియై పోగా బంగారము అంటి నిలిచెడిది. ఆ ఆవిరి పనివాని ఊపిరిలో చేరి, చేతులు వణకించి, నోరు పుండుచేసి, మతి చలింపజేసి ఆయుస్సును తగ్గించెడిది. పారిస్ నగరమున గడియారపు చట్రములు చేయించిన ఆంద్రె ఆంత్వాన్ రావ్రియో 1814లో మరణించుచు, పూతపనివారిని ఈ విషము నుండి కాపాడు ఉపాయము కనుగొన్నవారికి 3,000 ఫ్రాంకులు బహుమానముగా వ్రాసిపోయెను. విషపుటావిరిని పైకి లాగివేయు పొయ్యిని కల్పించిన దార్సే అను రసాయనశాస్త్రజ్ఞుడు దానిని గెలుచుకొని, 1818లో తన విధానమును గ్రంథముగా వెలువరించెను. రావ్రియో చేయించిన గడియారములకంటె ఆ వీలునామాయే అధికముగా మెఱసినదనుట అతిశయోక్తి గాదు.

బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కాయకమును పూజతో సమముగా నిలిపెను. చాకలియైన మడివాళ మాచయ్య, పడవ నడపిన అంబిగర చౌడయ్య శరణులలో పూజ్యులైరి. పని పూజయైనచో పని చేయువాని దేహము దేవాలయము. ఆ ఆలయమును కూల్చి చట్రమునకు బంగారము పూయుట ఏ విధమున పూజ యగును? 1840లో ఇంగ్లండున ఎల్కింగ్టనులు పేటెంటు పొందిన విద్యుత్పూతతో పాదరసపు బాధ తొలగినను, అందు వాడు సయనైడు లవణములును విషములే. కనుక నేడు గడియారమునకు పూత వేయించువాడు ఎంత మెఱయునని అడుగుటకు ముందు, పనివానికి గాలి ఆడు గదియు చేతితొడుగులును కలవో లేవో అడుగవలెను.

అట్లని పూత పాపమని చెప్పుటకు వీలులేదు. అది కంచును కాపాడును, కంటికి హాయి గూర్చును. కాని దానికి మూడు నియమములు వలయును. నడక ముందు, మెఱుగు తరువాత. క్రొత్తగా వేసిన దానిని పాతదని చెప్పి అమ్మరాదు. పనివాని ఊపిరిని వెలగా చెల్లింపరాదు.

చార్మినారు నాలుగువైపులను 1889లో గడియారములు అమర్చిరి. వానిని అమర్చినది బాటసారికి వేళ తెలియుటకు. నమ్మకముగా వేళ చెప్పు గడియారము మాసియున్నను తన కాయకము తాను చేసినట్లే.