ఓడ కూత

విశాఖ తీరాన జాలారిపేటలో ఇద్దరు అన్నదమ్ములుండేవారు. ఒకే తెప్ప, ఒకే పొయ్యి. నైలాను వలలు కొత్తగా వచ్చిన రోజులవి. అన్న దాచుకున్న సొమ్ము, తమ్ముడు తెచ్చిన అప్పు కలిపి వల కొన్నారు. వచ్చిన చేప చెరిసగమన్నారు. మూడు నెలలు తిరక్కుండానే వాటాల దగ్గర తగువొచ్చింది. అప్పు నా పేరున ఉంది, వల నాదేనన్నాడు తమ్ముడు. అన్న గుప్పెడు ఇసుక తీసి తమ్ముడి గుమ్మంలో పోశాడు.

"మాట తప్పినోడివి. నీ ఇంట మాట పుట్టదు, పో!"

ఆ మరుసటేడు పేటంతా ఒక సంగతి గమనించింది. తమ్ముడి పెద్ద కొడుక్కి నడక వచ్చింది గానీ మాట రాలేదు. పిలిస్తే పలకడు. ఇసుక పోసిన గుమ్మాన్ని చూపించి ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు.

ఆ పిల్లాడు పెరిగి మంచి వేటగాడయ్యాడు. నీటి రంగు చూసి కవళ్ల చేపలు ఎటు పోతున్నాయో చేత్తో చూపించేవాడు. అతను అల్లిన వలకు హార్బరులో పేరుండేది. అయినా ఆ ఇంటిని చేపలతో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. 'శాపం తిన్న ఇల్లు' అన్నారు. రెండో కొడుక్కి మాటా చెవీ బాగానే ఉన్నా సంబంధాలు రాలేదు. భీమిలి వాళ్లు వచ్చి, నీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోయారు. చివరికి మేనమామే జాలిపడి తన కూతుర్నిచ్చాడు. వాళ్లకొక కూతురు, మాట రానిది. ఆ పిల్ల తమ్ముడికి అన్నీ బాగానే ఉన్నా మళ్లీ అదే కథ. మేనత్త కూతురు తప్ప ఆ గడప తొక్కడానికి ఎవరూ ముందుకు రాలేదు. అసలు వల కొన్న తమ్ముడే తన అక్క కూతుర్ని చేసుకున్నవాడు.

మొక్కులకు లోటు లేదు. ఏటేటా ఇంటి అమ్మవారికి చీర, మేకపోతు. సింహాచలంలో కప్పస్తంభాన్ని కౌగిలించుకున్నారు. ఎవరో చెబితే, వంశపు శాపబంధకాలు తెగాలని ఉపవాస ప్రార్థనలకూ వెళ్లొచ్చారు. అప్పులు పెరిగాయి.

నాలుగో తరంలో ఆడపిల్ల పుట్టింది. ఓ తెల్లవారుజామున రేవులో ఓడ కూసింది. పక్కింటి కుక్క లేచి మొరిగింది. పొత్తిళ్లలోని పిల్ల మాత్రం కన్ను కదపలేదు. తల్లికి గుండె జారిపోయింది.

అమ్మవారి మాట చెప్పే దాసుడి దగ్గరికి వెళ్లారు. ఆయన అమ్మవారిని అడిగి చెప్పాడు: "కోపం రెండిళ్ల మీదా ఉంది. అన్న సంతానం, తమ్ముడి సంతానం కలిసి ఒక పొయ్యి మీద నైవేద్యం వండాలి."

అరవై ఏళ్ల తర్వాత రెండిళ్ల వాళ్లూ ఒకచోట కూర్చున్నారు. అన్న భార్య ఇంకా బతికే ఉంది. ఎనభై దాటిన మనిషి. పిల్ల తండ్రి ఆమె కాళ్ల మీద పడ్డాడు. "మామ్మా, తాత పెట్టిన శాపం నువ్వైనా తియ్యి."

ముసలామె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఒరే నాయనా, మీ తాతలు తగువు పడేటప్పటికి మీ పెదనాన్న ఏడు నెలల గుంటడు. ఆ తగువుకి ముందే నాను సూసినాను. ఓడ కూత్తే నా ఒళ్లో గుంటడు ఉలిక్కిపడి ఏడిసినాడు. పక్కనే పడుకున్న మీ పెదనాన్న అలాగే నవ్వుతన్నాడు. సెప్తే మీ నాయనమ్మ ఏడుస్తాదని ఊరుకున్నాను. గుంటడు ముందు పుట్టినాడు, శాపం తరవాత పుట్టింది. ఇన్నేళ్లూ ఈ మాట నా నోట్లోనే ఉండిపోయింది."

దాసుడు లేచి నిలబడ్డాడు. "అమ్మవారు చెప్పాల్సింది చెప్పింది. గుంట చెవి సంగతి డాక్టర్ని అడగండి."

పెదవాల్తేరులోని చెవి ఆసుపత్రిలో డాక్టరు కాగితం మీద గళ్లూ సున్నాలూ గీశాడు. ఒక్కో గీత దగ్గర ఆగి, "పెళ్లికి ముందు వీళ్లిద్దరూ ఏమవుతారు?" అని అడిగాడు. అన్ని గీతలూ తిరిగి తిరిగి ఆ ఒక్క ఇంటికే వచ్చాయి.

నీతి: పిల్లల చెవులు మూసింది అన్నగారి మాట కాదు. ఆ మాటకు భయపడి ఊరు పిల్లనివ్వలేదు. ఊరు ఇవ్వలేదని ఇల్లు తనలో తానే పెళ్లిళ్లు చేసుకుంది. శాపానికి కాళ్లిచ్చి తరం నుంచి తరానికి నడిపించింది ఆ భయమే.

ఇది కల్పించిన కథ. దీని లోపలి లెక్క మాత్రం నిజం. పుట్టు చెవుడులో చాలా రకాలకు కారణం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున వచ్చే రెండు లోపమున్న జన్యువులు. ఒక్కటే ఉన్నవాడికి చెవి బాగా వినిపిస్తుంది, తనలో అదుందని తెలియను కూడా తెలియదు. ఒకే జన్యువులో లోపమున్న అలాంటి ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో సగటున నాలుగో వంతు ఒకటే, మేనమామ మేనత్త పిల్లల మధ్య ఎనిమిదో వంతు. మేనరికాల్లో ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఆచారమున్న చోట వీటిని ఒప్పుకుంది. కానీ ఒకసారి లోపం కనబడిన ఇంట్లో మళ్లీ మళ్లీ అదే ముడి వేయడం తెలిసి తెలిసి ప్రమాదం కొనితెచ్చుకోవడమే.

దాసుణ్ణి నేను మోసగాడిగా చూపలేదు, కావాలనే. విశాఖ జాలారుల మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని పరిశీలించిన చార్లెస్ నకోల్స్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1996లో వాళ్ల మీద ఒక పుస్తకం వెలువరించాడు. అందులో రాసిన ప్రకారం, ఇంట్లో జబ్బు చేస్తే వాళ్లు దాన్ని అమ్మవారి కోపమనుకుంటారు, ఆ కోపం వెనక అన్నదమ్ముల తగువు వెతుకుతారు, కలిసి మొక్కు తీర్చుకుంటారు. విడిపోయిన రక్తాన్ని ఒక పొయ్యి దగ్గరికి చేర్చే ఆచారాన్ని నేను గౌరవిస్తాను. చెవి పరీక్ష చేయడం మాత్రం దాని పని కాదు.

మతాలు కూడా శాపం దగ్గరే ఆగిపోలేదు. తండ్రి దోషం కొడుకు మోయడని బైబిలులో యెహెజ్కేలు గ్రంథం 18వ అధ్యాయం తేల్చి చెబుతుంది. మన భారతం ఆదిపర్వంలో కద్రువ కన్నతల్లై ఉండి తన బిడ్డలైన నాగుల్నే సర్పయాగంలో కాలిపొమ్మని శపించింది. ఆ మంటను ఆపినవాడు ఆస్తీకుడు. తన కులాన్ని కాపాడుకోవడానికి నాగరాజు వాసుకి తన చెల్లెల్ని జరత్కారుడనే మునికిచ్చి చేశాడు. నాగకులం బయటి సంబంధంతో పుట్టిన ఆస్తీకుడే ఆ కులాన్ని బతికించాడు. ఈ కథ మన తాతలు ఎన్నోసార్లు విన్నారు. వియ్యం సంగతి వచ్చేసరికి అది ఎవరికీ గుర్తురాలేదు.

చెవుడు అవమానం కాదు. కవళ్ల గుంపును కంటితో పట్టే మనిషిని శాపగ్రస్తుడని పిలవడమే అవమానం. సైగల భాషతో చదువుకుని, ఉద్యోగం చేసి, పెళ్లాడి బతికేవాళ్లు మన మధ్యే ఉన్నారు. అయితే పసివయసులో పోగొట్టిన నెలలు తిరిగి రావు. నెల తిరిగేలోపు చెవి పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకల్లా చికిత్స మొదలవ్వాలని వైద్యుల లెక్క. ఆ నెలల్నే మొక్కులు మింగేస్తున్నాయి.

మీ ఇంట పసిబిడ్డ ఓడ కూతకు ఉలిక్కిపడకపోతే ఎవరి పాపమని వెతక్కండి. ఆ వారంలోనే బిడ్డను చెవి డాక్టరుకు చూపించండి. 'శాపం తిన్న ఇల్లు' అని మీ వీధిలో ఎవరిదైనా ఇంటికి పేరుంటే, ఈసారి వాళ్లింట్లో నీళ్లు తాగి రండి.