కూర గిన్నెలో వాటా

బోధన్ శక్కర్‌నగర్‌లో ఒక అక్క ఉండేది. పెనిమిటి నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక ఇల్లు ఆమె బీడీల మీదే నడిచింది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పొద్దుగూకేదాకా కదలకుండా కూర్చునే పని. యాభై నిండకముందే షుగర్ వచ్చింది.

దవాఖానలో తీపి బంద్ చేయమన్నారు, చేసింది. చాయ్‌లో చక్కెర మాని బెల్లం వేసుకుంది. బతుకమ్మ నాడు మలీద ముద్ద కూడా ముట్టలేదు. అయినా మూడు నెలల షుగర్ పరీక్షలో 10 చూపించింది.

"ఇంకేం ఇడిసిపెట్టాలె నర్సమ్మా?" అని దవాఖాన నర్సమ్మ ముందు కంటనీరు పెట్టుకుంది.

నర్సమ్మ అప్పటికేమీ అనలేదు. ఒకనాడు పొద్దున్నే వచ్చి చాట పక్కన కూర్చుంది. ఎనిమిదింటికి గోలీ వేసుకుని చాయ్ తాగిన అక్కకు పన్నెండు కాకముందే చెమటలు పట్టి చేతులు వణికాయి. ఆకలికి అట్లనే అయితదని పని ఆపలేదు. పెనిమిటికి, కొడుకూ కోడలికి, మనవలకు వడ్డించి తాను కూర్చునేసరికి మూడైంది. బీరకాయ కూర గిన్నె అడుగు కనిపిస్తోంది. పప్పు గరిటెకు అంటినంతే మిగిలింది. అన్నం మాత్రం సగం గిన్నె ఉంది. పారేయడానికి మనసొప్పక అంతా వంపుకుని, పచ్చిపులుసు పోసుకుని, తొక్కు నంజుకుని తిన్నది.

"అక్కా, ఇంట్ల అందరికంటె ఎక్కువ అన్నం నువ్వే తింటున్నవ్, అందరికంటె తక్కువ కూర కూడా నువ్వే తింటున్నవ్," అంది నర్సమ్మ.

గడపలో ఉన్న పెనిమిటి విన్నాడు. మర్నాటి నుంచి కూర దించగానే ఆమె వాటా తీసిపెట్టి, వేళకు తన పక్కనే పళ్లెం పెట్టించాడు. ఎసట్లో బియ్యం ఒక గ్లాసు తగ్గించి, సంతలో కూరగాయలు ఎక్కువ తెచ్చారు. తర్వాతి పరీక్షలో షుగర్ దిగింది.

నీతి: షుగర్ ఉన్న ఇల్లాలు అందరితోపాటు, వేళకు, కూర నిండుగా తినాలి. ఆ వాటా తీసిపెట్టడం ఇంటివాళ్ల పని.

మన దవాఖానల్లో ఏం మానాలో చెబుతారు గానీ ఏ వేళకు, ఎవరి తర్వాత తింటున్నావని అడగడం అరుదు. ఆ అడగడమే అసలైన పోషకాహార పాఠమని నా నమ్మకం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలంటుంది. షుగర్ ఉన్నవాళ్లు ఆ సగంలో ఆకుకూరలు, బీర, సొర, బెండ వంటివే ఎక్కువ వేసుకుంటే మేలు. మిగతా సగంలో పప్పుకో గుడ్డుకో చోటు పోగా అన్నమో రొట్టో ఉండాలి. జొన్నరొట్టె మంచిదే, అందులో పీచు ఉంది. కానీ అదీ పిండిపదార్థమే కాబట్టి నాలుగైదు తింటే షుగర్ పెరుగుతుంది. బెల్లానికీ చక్కెరకూ ఈ లెక్కలో తేడా లేదు.

ఇక ఆ చెమటలు, వణుకు. కొన్ని రకాల షుగర్ గోలీలు, ఇన్సులిన్ తీసుకుని వేళకు తినకపోతే షుగర్ పడిపోతుంది. శుక్రవారం ఉపవాసాల్లోనూ ఇదే ప్రమాదం. షుగర్ పడిపోయినప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి, తర్వాత అన్నం పెట్టాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఉపవాసం ఉండేవాళ్లు గోలీ సంగతి ముందే డాక్టరును అడగాలి.